పావు సీపీయూ

భూమ్మీద మా బావ బేరమాడని వస్తువు ఒక్కటే, కొండ మీద లడ్డూ. గాంధీ రోడ్డులో చెప్పులు కొన్నా, తిరుచానూరులో వంకాయలు కొన్నా చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెడతాడు. అలాంటి మనిషి క్లౌడ్ అనే, ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు అద్దెకిచ్చే అంగడికి పోయాడు. అక్కడ ధరలన్నీ ముందే రాసి ఉంటాయి, బేరమాడదామంటే ఎదురుగా మనిషే ఉండడు. బావ ఒక పూట దిగులుపడి, ధర మీద కుదరదని తెలిశాక సైజు మీద బేరం మొదలుపెట్టాడు.

బావ ఆఫీసు తిరుపతిలో, బైరాగిపట్టెడలో ఒక టిఫిన్ అంగడి మేడ మీద. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ ఇస్తాడు. సీజన్‌లో బెంగళూరా కాయ, అదే బయటివాళ్లు తోతాపురి అనేది, ట్రాక్టర్లకెత్తి ఫ్యాక్టరీ గేటు ముందు రోడ్డు పొడుగునా నిలబెడతారు. నిండు బండికి ఒక కాటా, కాయ దించాక ఖాళీ బండికి ఇంకో కాటా, మధ్యలో తేడా రైతుది. ఆ కాటా చీటీల ఫోటోలు పొద్దస్తమానం మా దగ్గరికి వచ్చి పడుతుంటాయి. రాత్రి పదకొండుకి ప్రోగ్రాం లేచి, చీటీలు చదివి, బరువు లెక్కేసి, ఒక్కో రైతు పేరున బిల్లు తయారుచేసి ఫోన్‌కి మెసేజ్ పంపాలి. ఇదే బ్యాచ్ జాబ్. కాయ అయిపోతే దీనికీ పని అయిపోయినట్టే.

రెండు నెలల పనికి ఏడాదంతా సర్వర్‌ని మేపడం ఎందుకని, ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ ముగించి మా దగ్గర చేరిన పిల్లోడు కంటైనర్ల సంగతి చెప్పాడు. ప్రోగ్రాంని దానికి కావాల్సిన సామానుతో సహా ఒక పెట్టెలా సర్ది నడిపితే అది కంటైనర్. పనున్నంతసేపే అద్దె, అదీ సెకన్ల లెక్కన, కాకపోతే కనీసం ఒక నిమిషానికి కట్టాలి. బావకి ఆ సెకన్ల ముక్క తెగ నచ్చింది. నిమిషం ముక్క వినిపించుకోలేదు. అందుకే మొదట్లో "ఒక్కో చీటీకి ఒక్కో కంటైనర్ పెట్టురా, పది సెకన్లలో అయిపోతుంది" అన్నాడు. పది సెకన్ల పనికి ప్రతిసారీ అరవై సెకన్ల అద్దె అని పిల్లోడు చెప్పేసరికి ఆ ఆలోచన టీ చల్లారేలోపే పోయింది.

ఆ తర్వాత కంటైనర్లని అద్దెకు నడిపిపెట్టే అమెజాన్ ఫార్గేట్ పట్టిక తెరిచారు. అందులో సీపీయూ, అంటే కంప్యూటర్‌లో లెక్కలు చేసే బుర్ర, పావు నుంచి మొదలై అర, ఒకటి, రెండు, అలా పదహారు దాకా పోతుంది.

"పావు కూడా అమ్ముతారా!" అన్నాడు బావ, కుర్చీ ముందుకు లాక్కుని. "అరపావు ఉండాదేమో చూడు."

"లేదు సార్, పావే చివర."

"సరే, పావు సీపీయూ, నాలుగు జీబీ మెమరీ ఇమ్మను."

అదీ కుదరదు. పావుతో అర జీబీ, ఒకటి, రెండు, ఈ మూడే దొరుకుతాయి. నాలుగు కావాలంటే కనీసం అర సీపీయూ తీసుకోవాలి. బావకి కోపం వచ్చింది. "నాకు కావాల్సింది ఇవ్వనప్పుడు నేనెందుకు ఎక్కువ తీసుకోవాల? అర జీబీ చాలు. కాటా చీటీలేమన్నా సినిమాలా?"

"ముందు ఎంత పడుతుందో కొలిచి చూద్దాం సార్," అన్నాడు పిల్లోడు.

"కొలిచేదానికి ఇదేమన్నా ఫ్యాక్టరీ కాటానా!"

జాబ్ పెట్టే ఫారం చివర్లో ఒక ఖాళీ గడి కనిపించింది. జాబ్ చచ్చిపోతే మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలి అని. ఒకటి నుంచి పది వరకు ఇవ్వొచ్చు. పక్కన ధర ఏమీ రాసి లేదు. ధర లేని చోట బావ చేయి ఎప్పుడూ ధారాళమే. పది అని కొట్టించి ఇంటికి పోయాడు.

పొద్దున ఆఫీసు ఫోన్ నేనెత్తాను. బంగారుపాళ్యం పక్క నుంచి ఒక పెద్దాయన.

"సామీ, నా దుడ్లు ఎప్పుడిస్తారు?"

"ఎన్ని కేజీలు పెద్దాయనా?"

"నలభై రెండు వేల ఎనిమిది వందలు."

ట్రాక్టర్‌కి అంత బరువెత్తితే ముందు చక్రాలు కాదు, రోడ్డే పోతుంది. మెల్లగా అడిగితే విషయం తెలిసింది. నాలుగు వేల రెండు వందల ఎనభై కేజీలు అని ఆయనకి రాత్రంతా పది మెసేజ్‌లు వచ్చాయట. కూడాడు.

"ఒక లోడే గదా పెద్దాయనా తోలింది?"

"నేను తోలింది ఒకటే. నువ్వు రాసింది పది. నేను అబద్ధం చెప్తానేమో గానీ కంప్యూటర్ చెప్పదని పోయిన సీజన్‌లో మీవాళ్లే చెప్పినారు గదా."

ఆ మాట అన్నది మా బావే. రేటు మీద, కాటా మీద, తరుగు మీద ఇన్నేళ్లు ఫ్యాక్టరీవాళ్ల లెక్కలు విన్న మనిషి ఆ పెద్దాయన. తనవైపు తప్పిన మొదటి లెక్కని అంత సులభంగా ఎందుకు వదులుకుంటాడు? నేనైనా వదలను.

ఇంతలో రెండో ఫోన్, మూడో ఫోన్. వీళ్ల గోల వేరు. ఒక్క మెసేజ్ కూడా రాలేదట. విచిత్రమేమంటే పేరు అడిగితే వరసగా వెంకటేశు, వెంకటరమణ, వెంకట్రెడ్డి, వెంకటమ్మ, మళ్లీ వెంకటేశు. మధ్యలో ఒక వినాయకం, కాణిపాకం దగ్గరి నుంచి. పిల్లోడు ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ప్రోగ్రాం ఏమేం చేసిందో రాసి ఉండే లాగ్ తెరిచి చూసి, నవ్వాలా వద్దా అని బావ వైపు చూశాడు.

ప్రోగ్రాం రాసింది బెంగళూరులో ఎవరో. ఇంగ్లీషు అక్షరాల వరసలో రైతుల్ని తీసుకుంటుంది. ఒక అక్షరం వాళ్ల ఫోటోలన్నీ ఒకేసారి మెమరీలోకి ఎత్తుకుని, లెక్కేసి, మెసేజ్‌లు పంపి, తర్వాతి అక్షరానికి పోతుంది. ఏ ఊరి జనాన్ని తలుచుకుని రాశాడో గానీ, ఏడుకొండలవాడి జిల్లాలని తలుచుకుని మాత్రం రాయలేదు. ఏ నుంచి ఎల్ దాకా సాఫీగా పోయింది. ఎమ్ దగ్గర మునిరత్నాలు, మునిస్వాములు, మునెమ్మలు వచ్చేసరికి ఆయాసపడింది. వీ దగ్గర గోవింద కొట్టింది. లాగ్‌లో 137 అని ఉంది.

"137 ఎవురిది? టోకెన్ నంబరా?" అన్నాడు బావ.

"మెమరీ చాలక సిస్టమే చంపేస్తే ఇచ్చే నంబర్ సార్. 128కి చంపే సిగ్నల్ తొమ్మిది కలిపితే 137."

చచ్చినా పది ప్రయత్నాలున్నాయి కాబట్టి మళ్లీ మొదటి అక్షరం నుంచి లేచింది. అందరికీ మళ్లీ మెసేజ్‌లు పంపి, మళ్లీ వెంకటేశుల దగ్గరికొచ్చి చచ్చింది. పదిసార్లు. పది చావులకీ అద్దె పడింది.

బావ దెబ్బతిన్న పులిలా అటూ ఇటూ నడిచి, ఆ రాత్రికి పట్టికలో కింది వరస చూపించాడు. పదహారు సీపీయూ, నూట ఇరవై జీబీ. "వెంకటేశులంతా కుటుంబాలతో వచ్చినా పట్టాల." పట్టారు. అందరికీ ఒక్కో మెసేజే పోయింది. కానీ ఆ ప్రోగ్రాంకి ఒక్క సీపీయూ మీద తప్ప పని చేయడం రాదు. పదహారు మంది కూలీల్ని పిలిచి, ఒకడి చేత కాయ కోయించి, పదిహేను మందిని చెట్టు కింద కూర్చోబెట్టి అందరికీ కూలి ఇచ్చినట్టయింది. మెమరీ గ్రాఫ్ అయితే అడుగున చీమ పాకినట్టు ఒక గీత, పైనంతా ఖాళీ.

ఆ మధ్యాహ్నం పిల్లోడు టిఫిన్ బిల్లు వెనక లెక్క రాసి చూపించాడు. నాకు అర్థమైంది ఇది. పావు సీపీయూతో నాలుగు గంటలు పట్టే పని ఒక సీపీయూతో గంటలో అవుతుంది. సీపీయూ అద్దె రెండు చోట్లా ఒకటే. కానీ పావు తీసుకుంటే మెమరీని నాలుగు గంటలు పట్టుకుని కూర్చోవాలి, దాని అద్దె నాలుగింతలు. అంటే బావ చిన్నదని తీసుకున్నది చావకుండా నడిచినా చౌక కాదు. బావ ఆ కాగితాన్ని తిప్పి టిఫిన్ బిల్లు వైపు కూడా చూశాడు, రెండు వడలు ఎక్కువ వేశారని కింద గొడవ పెట్టుకుని వచ్చాడు. అక్కడ మాత్రం గెలిచాడు.

ఇక కొలవడానికి ఒప్పుకున్నాడు. వీ, ఎమ్ గుంపుల్ని యాభై మంది చొప్పున విడగొట్టారు. ఒక సీపీయూ, రెండు జీబీ సరిపోయాయి. ఏ మెసేజ్ పోయిందో రాసిపెట్టుకునే పట్టీ ఒకటి పెట్టారు. పెద్దాయనకి బావ స్వయంగా ఫోన్ చేసి బతిమాలాడు. ఆయన తొమ్మిది లోడ్లు వదులుకున్నందుకు తిరుపతి వచ్చినప్పుడు భోజనం పెట్టించే షరతు మీద ఒప్పుకున్నాడు.

అంతలో ఆషాఢం వచ్చింది. ఊళ్లో బట్టల అంగళ్లన్నీ డిస్కౌంట్లు పెట్టాయి. స్పాట్ కంటైనర్లంటే డెబ్బై శాతం దాకా తగ్గింపని బావకి ఎవరో చెప్పారు. తగ్గింపు నిజమే. ఎవరూ వాడని స్థలాన్ని చౌకగా ఇస్తారు, అవసరమైతే రెండు నిమిషాల నోటీసుతో లాగేసుకుంటారు. "రెండు నిమిషాల్లో మనమేం సర్దుకుంటాం?" అని నేను భయపడ్డాను. పట్టీ ఎలాగూ ఉంది కాబట్టి ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మొదలవుతుంది అన్నాడు పిల్లోడు. రాత్రి పని పన్నెండుకి బదులు ఒంటిగంటకి అయితే నిద్రపోయే రైతుకి నష్టమేమీ లేదు. ఈ మొత్తం వ్యవహారంలో బావ బేరం నిజంగా ఫలించింది ఇక్కడే. ఆ వారమంతా మనిషి నేల మీద నడవలేదు.

అక్టోబరులో చెట్టు మీద కాయ లేదు, రోడ్డు మీద ట్రాక్టర్ లేదు, బిల్లు మాత్రం వచ్చింది. నాట్ గేట్‌వే అని ఒకటుందట. లోపలి కంటైనర్లు ఇంటర్నెట్‌కి పోయే దారి అది. కంటైనర్ నడిచినా నడవకపోయినా గంటకింత అని తీసుకుంటుంది. దానికి తోడు లాగ్‌లు. ఎన్నాళ్లు దాచాలో చెప్పకపోతే అవి ఎప్పటికీ అలాగే ఉంటాయి. వెంకటేశుల దగ్గర పదిసార్లు చచ్చిన కథంతా అక్షరం పోకుండా ఉంది, దానికి నెలనెలా అద్దె. పిల్లోడు రెండూ తీసేశాడు. మిగిలిన బిల్లు చూస్తే కింద టిఫిన్ అంగట్లో నలుగురు తిన్నంత కూడా లేదు.

బావ ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చి అక్కకి చూపించాడు. లెక్కల పుస్తకం అక్కదే. ఆమె మిగిలిన మొత్తాన్ని ఒక పక్క రాసింది. పక్కనే, ఈ తంటా మీద పిల్లోడు కూర్చున్న రోజుల జీతం రాసింది. పెన్ను పెట్టి రెండో అంకె కింద రెండు గీతలు గీసింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఆ జీతం క్లౌడ్ ఖర్చు కింద రాయొద్దు. చదువు ఖర్చు కింద రాయి."

"ఎవురి చదువు?" అంది అక్క.