మహారాజశ్రీ డెప్రికేషన్ వార్నింగ్ గారి సముఖమునకు

అయ్యా,

ప్రోగ్రామ్‌లో వాడుతున్నది పాతబడింది, త్వరలో పోతుంది అని ముందే హెచ్చరించే సందేశం తమరు. నా కోడ్‌కి టెస్టులు నడిపిన ప్రతిసారీ ప్రత్యక్షమై "ఈ ఫంక్షన్‌ను రాబోయే వెర్షన్‌లో తీసేస్తాం" అని సెలవిస్తున్నారు. ఆ రాబోయేది ఎప్పుడో మాత్రం చెప్పరు. జావా భాషలో, నడుస్తున్న పనిని మధ్యలో ఆపే థ్రెడ్ డాట్ స్టాప్ వాడొద్దని 1998లో అన్నారు. అది నిజంగా పనిచేయడం మానేసింది 2023లో, జావా కొత్త వెర్షన్ జేడీకే 20 వచ్చాక. ఇప్పట్లో తీయరులే అన్న ఇలాంటి ధీమాతోనే, పైథాన్ భాషలో లెక్కల లైబ్రరీ అయిన నమ్‌పైలో ఎన్‌పీ డాట్ ఇంట్‌ అనే పేరును మార్చే జోలికీ చాలామంది పోలేదు. 2021 జనవరిలో హెచ్చరించి, 2022 డిసెంబరులో 1.24 వెర్షన్‌తో పీకేశారు! ఒకచోట పాతికేళ్లు, ఇంకోచోట రెండేళ్లు కూడా లేవు. తమరి మాట ఎవరు నమ్ముతారు చెప్పండి?

పైగా తప్పు నా కోడ్‌లో ఉంటే దిద్దుకుంటాను. తమరు వేలు చూపేది నేను వాడే ప్యాకేజీ వాడుకునే ఇంకో ప్యాకేజీలో, నేనెన్నడూ తెరవని ఫైలు వైపు. దాని బాగోగులు చూడాల్సిన మెయింటెయినర్ అజ్ఞాతవాసంలో ఉన్నారు. ఫిర్యాదుగా ఇష్యూ పెడితే బాట్ వచ్చి, కదలిక లేదంటూ మూసేసిపోతుంది. ఇక పాత వెర్షన్‌కే కట్టుబడేలా పిన్ చేసి దండం పెట్టుకోవాలి, లేదా ఆ కోడ్‌కి సొంత నకలు తీసి, అంటే ఫోర్క్ చేసి, దత్తత తీసుకోవాలి.

వినాల్సినవాళ్లకేమో తమరి గొంతే వినిపించదు. 2010లో పైథాన్ 2.7, అడిగితే తప్ప కనబడకుండా తమరి నోటికి తాళం వేసింది. 2018లో 3.7 దయతలచి, నేరుగా నడిపే స్క్రిప్టులో మాత్రం మాట్లాడనిచ్చింది. లైబ్రరీల లోపలి సంగతులు చాలావరకు టెస్టుల్లోనే బయటపడతాయి. టెస్టులే లేని ప్యాకేజీలకేగా తమరి అవసరం ఎక్కువ!

పోనీ, చెప్పినట్టే మార్చేస్తే తీరిపోతుందా? పైథాన్ 3.12లో ప్రపంచ ప్రామాణిక సమయం ఇచ్చే యూటీసీనౌ ఫంక్షన్ వద్దు, నౌ అనే ఫంక్షన్‌కి టైమ్‌జోన్ ఇచ్చి వాడమన్నారు. సలహా మంచిదే, కాదనను. కానీ పాతది టైమ్‌జోన్ లేని సమయం ఇచ్చేది, కొత్తది ఉన్నది ఇస్తుంది. డేటాబేస్ నుంచి వచ్చిన పాత తేదీతో ఏది ముందో ఏది వెనకో చూడబోతే, ఆ రెండింటినీ పోల్చలేనంటూ టైప్‌ఎర్రర్. ఒక్క లైను పని కాస్తా ప్రాజెక్టులో తేదీలు తగిలే ప్రతి చోటుకీ పాకింది.

కనుక టెస్టులు నడిపే పైటెస్ట్ సెట్టింగుల్లో తమరికి ప్రమోషన్ ఇచ్చాను. ఇకపై తమరి హోదా ఎర్రర్. తమరు నోరు విప్పితే బిల్డ్ ఆగుతుంది. ఆ అజ్ఞాతవాసి ప్యాకేజీకి మాత్రం మినహాయింపు ఉంది. పక్కనే "తాత్కాలికం" అని కామెంట్ కూడా రాశాను.

ఇట్లు,
తమరి విధేయుడు