ఇరవై కేబీ సంతకం కోసం ఆధార్ ఎక్కడికో పంపక్కర్లేదు

మొన్న ఊరెళ్ళినప్పుడు రాత్రి పదిన్నరకి మా మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మామయ్యా, సంతకం సైజు ఎక్కువైందంటోంది, తీసుకోవట్లేదు." బ్యాంకు పరీక్ష అప్లికేషన్. ఐబీపీఎస్ ఫారం నింపినవాళ్ళందరికీ తెలిసిన బాధే. ఫోటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలి. తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఫోన్‌తో ఫోటో తీస్తే అది మూడు ఎంబీ వస్తుంది. మూడు ఎంబీని ఇరవై కేబీకి దించాలి.

వాడూ అందరూ చేసేదే చేశాడు. సెర్చ్‌లో కొట్టి, మొదట కనబడిన సైట్ తెరిచి, అందులోకి సంతకం ఎక్కించాడు. ఫోటో అప్పటికే ఎక్కించేశాడు. పక్క ట్యాబ్‌లో ఇంకో సైట్ ఉంది, అది పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ తీసేసేది. అందులోకి ఆధార్ వెళ్ళింది, పాస్‌వర్డ్‌తో సహా. ఆ పాస్‌వర్డ్ ఏంటో మనందరికీ తెలుసు కదా, పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఫోటో, సంతకం, ఆధార్ మూడూ పది నిమిషాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళ సర్వర్లకి చేరిపోయాయి. వాళ్ళు ఏ దేశంలో ఉన్నారో, ఆ ఫైళ్ళు చెరిపేస్తారో ఉంచుకుంటారో ఎవరికెరుక? "గంటలో డిలీట్ చేస్తాం" అని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నమ్మితే నమ్మాలి, లేకపోతే లేదు.

వాణ్ణి తిట్టబోయి ఆగాను. తప్పు వాడిది కాదు, నాలాంటివాళ్ళది.

పదేళ్ళుగా ఇంట్లో ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూసుకోగలిగే సాఫ్ట్‌వేర్, అని ఊదరగొడుతున్నాను. నేనేం చెప్పానో గుర్తు చేసుకుంటే నాకే సిగ్గేసింది. విండోస్ తీసేసి లినక్స్ వేసుకో. ఫోటోషాప్ బదులు గింప్ వాడు. వర్డ్ బదులు లిబ్రే ఆఫీస్. ఎవరు ఏ లిస్టు రాసినా ఈ పేర్లే. సంతకం సైజు తగ్గించాలన్నవాడికి గింప్ ఇవ్వడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వెయ్యడమే. వాడు దాన్ని తెరుస్తాడు, ఆ మెనూలు చూస్తాడు, మూసేస్తాడు, మళ్ళీ ఆ సైట్‌కే పోతాడు. రోజూ చేసే చిల్లర పనికి సరిపడే చిన్న సాఫ్ట్‌వేర్ పేరు మనం ఎప్పుడూ చెప్పలేదు. అవి ఉన్నాయి, బ్రహ్మాండంగా పనిచేస్తాయి కూడా. వాటికి ప్రకటనలుండవు, వాటి గురించి వీడియో చేస్తే కమీషన్ రాదు, అందుకే మన చెవిన పడవు.

ఆ రాత్రి వాడికి చూపించింది స్క్వూష్. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ వాళ్ళు 2018లో వదిలారు, కోడ్ అంతా బయటే ఉంది. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి ఇదీ ఇంకో సైటే కదా అనిపిస్తుంది. వాడూ అదే అన్నాడు. పేజీ లోడయ్యాక వైఫై ఆపేసి, ఇప్పుడు ఫోటో పెట్టమన్నాను. పెట్టాడు. పనిచేసింది! ఎందుకంటే ఫోటో ఎక్కడికీ పోదు, కుదించే పనంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. తెర మధ్యలో నిలువు గీత, ఎడమవైపు అసలు ఫోటో, కుడివైపు కుదించింది. ముందు రీసైజ్‌లో కొలతలు తగ్గించాలి (సంతకానికి ఐబీపీఎస్ వాళ్ళు చెప్పేది 140 బై 60 పిక్సెళ్ళు), తర్వాత మోజ్‌జేపెగ్ (జేపెగ్ ఫోటోని కుదించే పద్ధతి) ఎంచుకుని క్వాలిటీ మీటని అటూ ఇటూ జరపాలి. మూలన కేబీ అంకె మనం జరిపేకొద్దీ మారుతుంటుంది. 10కీ 20కీ మధ్య ఎక్కడో ఆపేసి డౌన్‌లోడ్ చేసుకోవడమే. వాడు రెండు నిమిషాల్లో చేసేశాడు. "దీనికా నేను గంట కొట్టుకున్నది" అన్నాడు.

ఆధార్ పాస్‌వర్డ్ తియ్యడానికైతే కొత్త సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యమంటే చాలు. కొత్తగా వచ్చే ఫైలుకి పాస్‌వర్డ్ ఉండదు. అయితే అలా చేస్తే ఈ-ఆధార్‌లో ఉండే డిజిటల్ సంతకం పోతుంది, కాబట్టి అసలు ఫైలు అలాగే దాచుకోండి. పూర్తి నంబరు అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగంకెలే కనబడతాయి. యూఐడీఏఐ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ టిక్కు ఉంటుంది, మనమే చూడం.

పది కాగితాలు కలిపి ఒకే పీడీఎఫ్ చెయ్యాలంటే న్యాప్స్2. పేరు విడదీస్తే "ఇదింకో పీడీఎఫ్ స్కానర్ కాదు" అని వస్తుంది, పెట్టినవాళ్ళకి కాస్త వెటకారం ఎక్కువ. స్కానర్ ఉంటే దాన్నుంచి తీసుకుంటుంది, లేకపోతే ఫోన్‌లో తీసిన ఫోటోలు లాగి దాంట్లో పడేస్తే చాలు. పేజీలు తిప్పచ్చు, వెనకాముందూ మార్చచ్చు, అంచులు కత్తిరించచ్చు. సర్టిఫికెట్లు ముందు స్క్వూష్‌లో కుదించి తర్వాత ఇందులో కలిపితే మా అక్క స్కూలు వాళ్ళు అడిగిన 500 కేబీ లోపు హాయిగా వచ్చింది. ఇందులోనే స్కాన్ చేసిన పేజీలోని అక్షరాలని గుర్తుపట్టే సదుపాయం ఉంది, టెసెరాక్ట్ అనే ఇంజన్ మీద నడుస్తుంది. అది హెచ్‌పీ ల్యాబ్స్‌లో 1985లో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. తెలుగు కూడా చదువుతుంది. అంటే, చదువుతుందని మర్యాదకి అంటున్నాను. శుభ్రంగా అచ్చయిన పేజీ అయితే ఫర్వాలేదు, పాత పుస్తకమైతే ఒత్తుల దగ్గర బోర్లా పడుతుంది. దిద్దుకునే ఓపిక ఉంటేనే దాని జోలికెళ్ళండి.

ఇప్పుడు అసలు గోడు. జిరాక్స్ షాపు.

మా ఊరి బస్టాండు ఎదురుగా ఒకటుంది, పేరెందుకు గానీ. గోడ మీద పెద్దక్షరాలతో ఫోన్ నంబరు. ఏది ప్రింట్ తియ్యాలన్నా "ఆ నంబరుకి వాట్సాప్ చెయ్యన్నా" అంటాడు కుర్రాడు. హాల్ టికెట్ ప్రింట్ కోసం వెళ్ళి, నా ఫైలు వెతుకుతుంటే పక్కన నిలబడి ఆ తెర చూశాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్. పట్టాదారు పాసు పుస్తకాలు, కులం సర్టిఫికెట్లు, ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంట్, ఒకావిడ స్కానింగ్ రిపోర్టు, ఆధార్‌లైతే లెక్కే లేదు. కిందికి జరుపుతూ పోతుంటే నెలలు వెనక్కి వెళ్తున్నాయి. ఆ కుర్రాడు మంచివాడే, దొంగ కాదు. డిలీట్ చెయ్యాలన్న ఆలోచనే లేదు, అంతే. ఆ కుర్చీలో రేపు ఎవరు కూర్చుంటారో మాత్రం అతనికీ తెలీదు.

దీనికి సగం మందు లోకల్‌సెండ్, ఫోల్డర్ ఖాళీ చేసే పని మాత్రం షాపువాడిదే. ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి వేసుకోవాలి. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటికీ ఉంది. రెండూ ఒకే వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనబడతాయి, ఫైలు నేరుగా ఇటునుంచి అటు పోతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు, ఫోన్ నంబరు అక్కర్లేదు. వైఫై లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. గుర్తుందా, 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లని నిషేధించింది. షేరిట్, జెండర్ (Xender), క్యామ్‌స్కానర్ మూడూ ఆ లిస్టులో ఉన్నాయి. మనవాళ్ళు రోజూ వాడేవే ఆ మూడూ. ఆ తర్వాత ఫైలు పంపాలంటే అందరం గంపగుత్తగా వాట్సాప్ మీద పడ్డాం. పెళ్ళి ఫోటోలు కూడా దాంట్లోనే పంపుకుని, మసకబారాయేంటని మళ్ళీ మనమే ఏడుస్తాం. లోకల్‌సెండ్‌లో ఫోటో ఎలా ఉన్నది అలాగే వెళ్తుంది.

ఇందులో నాకు నచ్చిన చిలిపితనం ఒకటుంది. ప్రతి యంత్రానికీ అదే ఒక పేరు పెడుతుంది, ఏదో విశేషణానికి ఒక పండో కూరగాయో తగిలించి. మా ఇంట్లో నాన్న ఫోన్ "వైజ్ పొటాటో", నాది "హ్యాండ్‌సమ్ ఆనియన్". మార్చుకోవచ్చు, మేం మార్చలేదు. ఒకోసారి కంప్యూటర్ కనబడదు. విండోస్‌లో ఆ నెట్‌వర్క్ "పబ్లిక్" అని ఉంటే ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది, "ప్రైవేట్" చేస్తే దారికొస్తుంది. హోటళ్ళ వైఫైలో చాలాచోట్ల పనిచెయ్యదు, అక్కడ హాట్‌స్పాటే గతి.

నాన్నకి పెట్టింది సుమత్రా పీడీఎఫ్. ఆయన రిటైరయ్యాక పాత తెలుగు పుస్తకాల మీద పడ్డారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసినవి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడున్నాయి. వందల పేజీలు, భారీ ఫైళ్ళు. ఆయన పాత ల్యాప్‌టాప్‌లో అంతకుముందున్న పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలోపు కాఫీ తాగేసి రావచ్చు. తెరుచుకున్నాక పక్కనుంచి ఏదో కృత్రిమ మేధ సహాయకుడు వచ్చి "ఈ పత్రాన్ని క్లుప్తంగా చెప్పనా" అంటాడు. శతక పద్యాలు చదువుకునే మనిషికి క్లుప్తంగా చెప్పడమేంటి నా మొహం! సుమత్రా 2006 నుంచి ఉంది, విండోస్‌కి మాత్రమే. చూడ్డానికి ఇరవై ఏళ్ళ కిందటి సాఫ్ట్‌వేర్‌లానే ఉంటుంది. నొక్కగానే తెరుచుకుంటుంది, నిన్న ఆపిన పేజీలోనే తెరుచుకుంటుంది. నాన్న అడిగింది ఈ రెండే.

ప్రయాణాలకి ఆర్గానిక్ మ్యాప్స్. జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో 2021 నుంచి నడుస్తోంది, ముందే మ్యాప్ దించుకుంటే సిగ్నల్ లేకపోయినా దారి చూపిస్తుంది. దోర్నాల దాటి నల్లమలలోకి ఎక్కాక ఫోన్‌లో గీతలు ఎలా రాలిపోతాయో శ్రీశైలం వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇది మాత్రం మలుపు మలుపూ చూపించింది. రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేస్తారన్న సంగతి మాత్రం చెప్పలేదు, అది టీ కొట్టాయనే చెప్పాడు. ట్రాఫిక్ తెలీదు, చిన్న హోటళ్ళు దొరకవు. హైదరాబాద్‌లో నేను ఇప్పటికీ గూగుల్ మ్యాప్స్‌నే వాడతాను, దాచడమెందుకు.

అన్నీ నెగ్గాయని కాదు. కీబోర్డ్ విషయంలో ఓడిపోయాను. మనం కొట్టే ప్రతి అక్షరమూ, ఓటీపీలతో సహా, కీబోర్డ్ యాప్ చేతుల్లోంచే పోతుంది కదా అని హెలీబోర్డ్ పెట్టుకున్నాను. దానికి ఇంటర్నెట్ అనుమతే ఉండదు, కాబట్టి బయటికి పంపుదామన్నా పంపలేదు. తెలుగు అక్షరాల లేఅవుట్ ఉంది. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో "అమ్మ" కొడితే తెలుగులో రావడం ఉండదు. ఆరు వారాలు పళ్ళు బిగబట్టి అలవాటు చేసుకున్నాను. మా ఆవిడ రెండో రోజే తీసేసింది. "నీ ప్రైవసీ నువ్వే ఉంచుకో, నాకు అమ్మ రావాలి" అంది. మలయాళీలు, స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ళు, భారతీయ భాషల కోసం ఇండిక్ కీబోర్డ్ అని ఒకటి చేశారు. తెలుగుకీ ఉంది. వాళ్ళు మన భాషకి కూడా చేసిపెట్టారన్నది ఒకపక్క సంతోషం, ఇంకోపక్క చిన్నతనం. మనకీ హైదరాబాద్‌లో స్వేచ్ఛ అని సంస్థ ఉంది, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పాటుపడ్డవాళ్ళు. ఎంతమంది విన్నారు ఆ పేరు? ఇంగ్లిష్‌లో ఫ్రీ అంటే ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు. ఆ ఒక్క మాటతో అక్కడి ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ముప్పై నలభై ఏళ్ళుగా తంటాలు పడుతున్నారు, మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. అయినా మనవాళ్ళకి అర్థమయ్యేది మొదటిదే.

"ఓపెన్ సోర్స్ అయితే మాత్రం నువ్వు కోడ్ చదివావా" అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, తెలుసు. చదవలేదు. నాకంత సీన్ లేదు. ఎక్స్‌జెడ్ అని లినక్స్‌లో ఫైళ్ళు కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, 2024 మార్చిలో దాని గొడవ తెలిసినవాళ్ళు అది కూడా ఎత్తుతారు. ఒంటరిగా ఆ ప్రాజెక్టుని మోస్తూ అలిసిపోయిన మనిషి దగ్గర రెండేళ్ళపాటు మంచివాడిలా నటించి, ఒకడు దాంట్లో దొంగదారి పెట్టాడు. నిజమే. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేంటని అనుమానం వచ్చి తవ్వుకుంటూ పోయాడు. కోడ్ బయట ఉంది కాబట్టే తవ్వగలిగాడు. ఆ పాస్‌వర్డ్ తీసే సైట్ లోపల ఏముందో తవ్వడానికి ఆయనక్కూడా దారి లేదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. వీటి పేర్లు సెర్చ్‌లో కొడితే పైన ప్రకటనల్లో నకిలీ డౌన్‌లోడ్ సైట్లు వస్తుంటాయి. కిందికి దిగి అసలు సైట్ వెతుక్కోండి. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్, లేదా ఓపెన్ సోర్స్ యాప్‌లే ఉండే ఎఫ్-డ్రాయిడ్.

జిరాక్స్ షాపు సంగతి మిగిలింది. ఊర్నుంచి వచ్చే ముందురోజు వెళ్ళి, ఆ కుర్రాడి కంప్యూటర్‌లో లోకల్‌సెండ్ వేసిచ్చాను. మొదట పెదవి విరిచాడు, "జనం వేసుకోరన్నా, వాట్సాప్ అంటేనే వస్తారు" అని. సగం నిజం. అయినా పక్క కాలేజీ పిల్లలు కొందరు వేసుకున్నారట. నిన్న ఫోన్ చేశాడు. అతని కంప్యూటర్‌కి "క్లీన్ ప్యాపాయా" అని పేరొచ్చింది. పిల్లలు షాపుకొచ్చి "అన్నా, బొప్పాయి ఆన్‌లో ఉందా" అని అడుగుతున్నారట. పేరు మార్చడం ఎలాగో చెప్పమన్నాడు. చెప్పాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేశావా అనడిగితే, రేపు చేస్తానన్నాడు.