ఖాతా మూశారు, కారణం చెప్పరు

డాలస్ శివార్లలో ఒక అద్దె ఇల్లు తెలుగు విద్యార్థి పేరు మీద ఉందనుకుందాం. ఆ ఇంట్లో ఉండే మిగతా నలుగురూ ప్రతి నెలా మొదటి వారంలో తమ వాటా అద్దెను జెల్ అనే డబ్బు పంపే సేవ ద్వారా అతని చెకింగ్ అకౌంటుకు పంపిస్తారు. అతను ఒకటి రెండు రోజుల్లో మొత్తం అద్దె ఇంటి యజమానికి పంపేస్తాడు. మధ్యలో కరెంటు బిల్లు, సరుకుల ఖర్చు, ఎవరికో కొనిపెట్టిన విమానం టికెట్టు డబ్బు, వినాయక చవితి చందాలు కూడా అదే దారిలో వచ్చి పోతుంటాయి. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. అయితే బ్యాంకు కంప్యూటరుకు కనిపించేది వేరు. పలువురి నుంచి రౌండు ఫిగర్లలో డబ్బు వస్తోంది, నిలవకుండా ఒకే చోటికి వెళ్లిపోతోంది, ఖాతాదారు చెప్పిన ఆదాయానికీ ఈ రాకపోకలకూ పొంతన కుదరడం లేదు. దొంగ సొమ్మును చేతులు మార్చడానికి వాడే ఖాతా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఒకరోజు కార్డు పనిచేయదు. కొద్ది రోజులకు నాలుగు వాక్యాల ఉత్తరం వస్తుంది: ఖాతాను సమీక్షించామని, మూసివేయాలని నిర్ణయించామని, మిగిలిన సొమ్మును చెక్కు రూపంలో పంపుతామని. ఎందుకో ఉండదు.

అమెరికాలో బ్యాంకుకు ఆ అధికారం ఉంది. బ్యాంకులో వేసిన డబ్బు చట్టం దృష్టిలో మనం బ్యాంకుకు ఇచ్చిన అప్పు మాత్రమేనని, ఖాతాదారు అప్పిచ్చినవాడు, బ్యాంకు అప్పు తీసుకున్నది అని 1848లోనే, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా కూడా పనిచేసిన ఇంగ్లండు ప్రభువుల సభ ఒక కేసులో తేల్చింది. అమెరికా న్యాయస్థానాలూ ఆ దారినే నడిచాయి. ఖాతా తెరిచేటప్పుడు ఎవరూ చదవకుండా సంతకం పెట్టే ఒప్పందంలో, ఇరుపక్షాల్లో ఎవరైనా ఎప్పుడైనా ఈ సంబంధాన్ని ముగించవచ్చన్న వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది. కాగితం మీద ఇది సమానమైన హక్కే. ఆచరణలో ఒకరు వెళ్లిపోతే బ్యాంకుకు తెలియను కూడా తెలియదు, బ్యాంకు వెళ్లగొడితే మనిషి జీతం, అద్దె, వాయిదాలు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

మూసే హక్కు బ్యాంకుకు ఉండకూడదని నా వాదన కాదు. మోసాలకు వాడుతున్న ఖాతాలు నిజంగా ఉన్నాయి, వాటిని ఆపకపోతే నష్టపోయేదీ మామూలు మనుషులే. నా అభ్యంతరం ఆ నిర్ణయం చుట్టూ కట్టిన మౌనం మీద. చట్టం బ్యాంకును ఒకే ఒక విషయం దాచమంది. బ్యాంకులు ఆ తెర వెనుక మొత్తం వ్యవహారాన్ని దాచేస్తున్నాయి.

ఆ ఒక్క విషయం ఏమిటో చూద్దాం. 1970 నాటి బ్యాంక్ సీక్రసీ యాక్ట్, పేరుకు రహస్యాన్ని కాపాడేదిలా కనిపించినా, నిజానికి ఖాతాదారుల లావాదేవీలను ప్రభుత్వానికి తెలియజేయమని చెప్పే చట్టం. ఒక రోజులో 10,000 డాలర్లకు మించి నగదు వేసినా తీసినా బ్యాంకు నివేదిక పంపాలి. అనుమానం కలిగించే లావాదేవీల మీద ప్రత్యేక నివేదిక పంపే పద్ధతి 1992 నాటి సవరణతో బలపడి, 1996 నుంచి ఇప్పటి రూపంలో నడుస్తోంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వచ్చిన పేట్రియట్ యాక్ట్ దాని పరిధిని ఇంకా పెంచింది. ఈ నివేదికలు ఆర్థిక శాఖ కింద ఉన్న ఫిన్‌సెన్ అనే విభాగానికి చేరతాయి. 2023 ఆర్థిక సంవత్సరంలో అలా చేరిన అనుమాన నివేదికలే దాదాపు 46 లక్షలు. నగదు నివేదికలు రెండు కోట్లు దాటాయి.

తన మీద అనుమాన నివేదిక వెళ్లిందని ఖాతాదారుకు చెప్పడం నేరం. అసలు నేరస్థుడు ముందే జాగ్రత్తపడకుండా పెట్టిన నిబంధన కాబట్టి అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఖాతా మూయమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. మూయాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టమేనని తనిఖీ అధికారుల మార్గదర్శకాలే చెబుతాయి. అయితే ఒకే ఖాతా మీద పదేపదే నివేదికలు పంపుతూ దాన్ని తెరిచి ఉంచితే, ఏ దశలో మూయాలనే విధానం మీకుందా అని అదే తనిఖీ అధికారులు అడుగుతారు. విచిత్రమేమిటంటే, పోలీసు, దర్యాప్తు సంస్థలకు కొన్ని సందర్భాల్లో ఆ ఖాతా తెరిచి ఉండడమే కావాలి. డబ్బు ఎటు పోతోందో చూడాలి కాబట్టి, ఫలానా ఖాతాను మూయవద్దని అవి బ్యాంకుకు రాతపూర్వకంగా కోరే ఏర్పాటు కూడా ఉంది. అంటే నిజంగా దర్యాప్తులో ఉన్నవాడి ఖాతా నడుస్తూ ఉండవచ్చు, అద్దె పంచుకున్న విద్యార్థి ఖాతా మూతపడవచ్చు.

బ్యాంకు ఇలా ఎందుకు ప్రవర్తిస్తుందన్నదానికి దురుద్దేశం వెతకనక్కర్లేదు, లెక్క చాలు. 2012లో హెచ్‌ఎస్‌బీసీ మాదకద్రవ్యాల ముఠాల సొమ్మును పట్టించుకోనందుకు 190 కోట్ల డాలర్లు చెల్లించింది. 2024 అక్టోబరులో టీడీ బ్యాంకు నేరం ఒప్పుకుని సుమారు 300 కోట్ల డాలర్లు కట్టింది. మూయవలసిన ఖాతాను మూయకపోతే పడే శిక్ష ఇది. మూయనక్కర్లేని ఖాతాను మూస్తే? సాధారణంగా ఏమీ ఉండదు. కొద్ది వేల డాలర్లు ఉండే ఖాతా మీద బ్యాంకుకు ఏడాదికి వచ్చే లాభం ఒక ఉద్యోగి కూర్చుని ఆ లావాదేవీల వెనుక కథ తెలుసుకోవడానికి పట్టే జీతానికి కూడా సరిపోదు. అడిగి తెలుసుకోవడం కన్నా వదిలించుకోవడం చవక. ఆ నివేదికల్లో ఎన్ని పనికొస్తున్నాయన్నది మరో ప్రశ్న. పెద్ద బ్యాంకుల సంఘం ఒకటి 2018లో జరిపిన అధ్యయనంలో, పోలీసుల నుంచి ఏదో ఒక స్పందన వచ్చినవి నాలుగు శాతం ప్రాంతంలోనే తేలాయి. తమ మీద భారం తగ్గించుకోవాలనుకునేవారు చెప్పిన అంకె కాబట్టి అసలు సంఖ్య కొంత ఎక్కువే కావచ్చనుకోవాలి, అయినా అది పెద్ద సంఖ్య కాదు.

పొరపాటున ఖాతా మూసినా ఆపినా బ్యాంకుకు శిక్ష పడదన్నదానికి మినహాయింపు ఒకటుంది. 2022 డిసెంబరులో వెల్స్ ఫార్గో మీద వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 370 కోట్ల డాలర్ల ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఎక్కువ భాగం వాహన, గృహ రుణాల్లో జరిగిన అక్రమాలకు సంబంధించినదే కానీ, ఒక అంశం మన విషయానికి నేరుగా తగులుతుంది. మోసపు డిపాజిట్ కావచ్చని లోపభూయిష్టమైన కంప్యూటరు వడపోత చెప్పిన మాట మీద ఆ బ్యాంకు పది లక్షలకు పైగా ఖాతాలను స్తంభింపజేసింది. ఆ ఖాతాదారులకు సగటున కనీసం రెండు వారాలు తమ డబ్బు తమకు అందలేదు. నెల జీతం మీద బతికే ఇంట్లో రెండు వారాలంటే అద్దె గడువు దాటిపోవడం. ఆ ఉత్తర్వు ఇచ్చిన సంస్థనే 2025లో కొత్త ప్రభుత్వం బాగా కుదించే పని మొదలుపెట్టింది.

ఖాతా పోయాక ఏం జరుగుతుందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు దెబ్బ అక్కడ ఉంటుంది. జీతం పాత ఖాతాకు వెళ్లి తిరిగొస్తుంది. క్రెడిట్ కార్డు, కారు వాయిదా, ఫోను బిల్లు వాటంతటవి కట్టుకునే ఏర్పాటు తప్పిపోయి, ఆలస్య రుసుములు పడతాయి. వాయిదా నెల దాటితే క్రెడిట్ స్కోరు మీద మచ్చ పడుతుంది. మిగిలిన సొమ్ము చెక్కు బ్యాంకు దగ్గరున్న చిరునామాకు పోస్టులో వస్తుంది. సెమిస్టరుకో ఇల్లు మారే విద్యార్థికి అది పాత ఇంటి డబ్బాలో పడుతుంది. చేతికి వచ్చినా దాన్ని వేసుకోవడానికి ఇంకో ఖాతా కావాలి. కొత్త ఖాతా అడిగితే ఆ బ్యాంకు చాలాసార్లు చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ దగ్గర ఆరా తీస్తుంది. పాత బ్యాంకు అక్కడ మోసం అనుమానమనో, బాకీ ఉందనో రాసి ఉంటే ఆ రాత ఐదేళ్ల వరకు నిలుస్తుంది. ఎందుకు రాశారో తెలియనివాడు దాన్ని తప్పని ఎలా నిరూపిస్తాడు? 2023 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం అమెరికాలో 56 లక్షల కుటుంబాలకు ఏ బ్యాంకు ఖాతా లేదు. వారంతా ఇలా వెళ్లగొట్టబడినవారు కాదు, కానీ ఒకసారి బయటపడ్డాక లోపలికి రావడం ఎంత కష్టమో ఆ వ్యవస్థను చూస్తే అర్థమవుతుంది.

ఇంత మామూలు మనుషుల సమస్య రాజకీయాల్లోకి వచ్చేసరికి వేరే వేషం వేసుకుంది. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఆదేశం రాజకీయ, మత విశ్వాసాల కారణంగా, చట్టబద్ధమైన వ్యాపారం చేస్తున్న కారణంగా ఖాతాలు నిరాకరించకూడదంటుంది. ఆయుధాల వ్యాపారులు, క్రిప్టో సంస్థలు చాలాకాలంగా చేస్తున్న ఫిర్యాదు అది, అందులో నిజం లేదనలేం. కానీ ఆ విద్యార్థి ఖాతా అతని అభిప్రాయాల వల్ల మూతపడలేదు. వివక్ష ఉందని రుజువు చేయగలిగినవాడికి ఆ ఆదేశం ఆసరా ఇస్తుందేమో గానీ, కారణమే తెలియనివాడికి దానివల్ల ఒరిగేది తక్కువ.

బ్రిటన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2023లో రాజకీయ నాయకుడు నైజెల్ ఫరాజ్ ఖాతాను కూట్స్ బ్యాంకు మూసింది. డబ్బు తగ్గిందని మొదట వార్తలు వచ్చాయి. ఆయన సమాచార రక్షణ చట్టం కింద తన గురించిన పత్రాలు కోరితే దాదాపు 40 పేజీలు చేతికొచ్చాయి, వాటిలో ఆయన రాజకీయ అభిప్రాయాల ప్రస్తావన బయటపడింది, ఆ ఖాతా సంగతి బీబీసీ విలేఖరితో మాట్లాడానని ఒప్పుకున్నాక మాతృసంస్థ నాట్‌వెస్ట్ అధిపతి అలిసన్ రోజ్ రాజీనామా చేయవలసి వచ్చింది. ఫరాజ్ రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, గమనించవలసింది ఆయన చేతిలో ఉన్న పనిముట్టు. తన గురించి రాసిన కాగితాన్ని అడిగి తీసుకునే హక్కు అది. ఆ గొడవ తర్వాత బ్రిటన్ ప్రభుత్వం ఖాతా ముగింపుకు ఇవ్వవలసిన గడువును రెండు నెలల నుంచి 90 రోజులకు పెంచుతూ, కారణాన్ని స్పష్టంగా రాయాలంటూ నిబంధన తెచ్చింది. 2026 ఏప్రిల్ చివరి నుంచి కుదిరే ఒప్పందాలకు అది వర్తిస్తుంది. ఆర్థిక నేరం అనుమానం ఉన్నచోట మినహాయింపు ఉంది. యూరోపియన్ యూనియన్ 2014లోనే, చట్టబద్ధంగా నివసించే ఎవరికైనా ప్రాథమిక ఖాతా పొందే హక్కు కల్పించింది. నేరాలను పట్టుకోవడం ఆ దేశాల్లో ఆగిపోలేదు.

మన దేశంలో బాధ కాస్త వేరు. ఇక్కడ ఖాతా మూయడం కన్నా స్తంభింపజేయడం ఎక్కువ. ఎక్కడో వేరే రాష్ట్రంలో సైబర్ నేరం ఫిర్యాదు నమోదై, ఆ డబ్బులో కొంత చేతులు మారి ఒక చిన్న దుకాణదారు క్యూఆర్ కోడ్‌లోకి వస్తే అతని ఖాతా ఆగిపోతుంది. అయినా ఏ పోలీసుల కోరిక మీద ఆపారో బ్యాంకును అడగవచ్చు, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. కేవైసీ పునరుద్ధరణకైతే ముందుగా కనీసం మూడుసార్లు తెలపాలని, అందులో ఒకటైనా ఉత్తరం కావాలని 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది.

అమెరికాలోనూ చేయదగినవి ఉన్నాయి. నివేదిక సంగతి రహస్యంగానే ఉంచి, మూసివేతను దాని నుంచి విడదీయాలి. మోసం అత్యవసరం కానప్పుడు 30 రోజుల గడువు, సొమ్ము తిరిగి ఇవ్వడానికి కచ్చితమైన పరిమితి, వివరణ వినడానికి ఒక మనిషి, చెక్స్‌సిస్టమ్స్‌లో రాసేముందు ఖాతాదారుకు సమాచారం. వీటిలో ఏదీ నేరస్థుడికి రహస్యం చెప్పదు. గడువిస్తే అతను డబ్బు తీసుకుని పారిపోతాడని బ్యాంకులు అనవచ్చు. కానీ మూసివేత ఉత్తరంతో పాటు మిగిలిన సొమ్మును చెక్కు రాసి పంపేది వారే కదా.

అంతవరకు అక్కడి తెలుగువారు మార్చుకోవలసిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. నగదు వ్యాపారం చేసేవారికి తోటివారు ఇచ్చే సలహా ఒకటుంది: పది వేలు దాటకుండా విడివిడిగా వెయ్యండి అని. నివేదిక తప్పించుకోవడానికి అలా విడగొట్టడమే నేరం, డబ్బు పూర్తిగా న్యాయమైనదైనా సరే. పది వేలు దాటితే వెళ్లేది మామూలు కాగితం, విడగొడితే వెళ్లేది అనుమాన నివేదిక. అలాగే సొంత ఖాతాలో చీటీలు నడపడం, సంఘం చందాలు వసూలు చేయడం మానుకోవాలి. వేరే బ్యాంకులోనో, సహకార బ్యాంకు లాంటి క్రెడిట్ యూనియన్‌లోనో రెండో ఖాతా తెరిచి, ఒక నెల ఖర్చుకు సరిపడా అందులో ఉంచాలి. బ్యాంకులో చిరునామా మార్చుకోవాలి. చెక్స్‌సిస్టమ్స్ నివేదికను ఏడాదికోసారి ఉచితంగా అడిగి తీసుకునే హక్కు చట్టం ఇచ్చింది. అందులో తప్పు రాత ఉంటే అభ్యంతరం చెప్పాలి, 30 రోజుల్లో విచారించడం సాధారణంగా ఆ సంస్థ బాధ్యత. ఖాతా ఎందుకు మూశారో దానివల్ల తెలియకపోవచ్చు. కొత్త ఖాతా ఎందుకు ఇవ్వడం లేదో మాత్రం తెలుస్తుంది.