చనిపోయినవాళ్ల ఫొటో ఎవరిది?

ప్రమాదం జరిగిన పావుగంటకల్లా ఫొటోలు మా పేపర్ డెస్క్‌కి వచ్చేస్తాయి. మా ఫొటోగ్రాఫర్ ఇంకా బండి స్టార్ట్ చేసి ఉండడు, ఈలోపే దారినపోయేవాళ్లెవరో తీసినవి నాలుగు గ్రూపులు తిరిగి స్క్రీన్ మీదికి చేరిపోతాయి. ఒకసారి అలా వచ్చిన ఫొటోనే ముఖం బ్లర్ చేసి వేశాం. పద్ధతి పాటించాం కదా, ఇంక గొడవేముంది అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఫోన్. అవతలి మనిషి అరవలేదు, తిట్టలేదు. "ఆ గళ్ల చొక్కా కొనిచ్చింది నేనేనండీ" అన్నారు, అంతే. ఇంట్లో తల్లికి అప్పటిదాకా చెప్పలేదట, మా పేపరే చెప్పేసింది. ముఖం కనపడకపోతే మనిషిని గుర్తుపట్టరని మేమెలా అనుకున్నామో ఇప్పటికీ అర్థం కాదు. సొంతవాళ్లు చొక్కా చూసి పోల్చుకుంటారు, చెప్పు అరిగిన తీరు చూసి పోల్చుకుంటారు, చెయ్యి మడుచుకుని పడుకునే అలవాటు చూసి కూడా పోల్చుకుంటారు.

బ్లర్ వల్ల చూసేవాళ్లకి కడుపులో తిప్పకుండా ఉంటుంది, మా మీదికి మాట రాకుండా ఉంటుంది. పోయినవాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి ఒరిగేది చాలా తక్కువ. ఫొటో ఎంత ఘోరంగా ఉంది అని చూసుకుంటూ కూర్చున్నాం గానీ, ఎవరు తీయమన్నారు, ఎవరి కోసం తీశారు, ఏడుస్తున్నవాళ్లని ఒక్క మాట అడిగారా అని అడగాలన్న సంగతి మాకు ఆ ఫోన్ తర్వాతే తట్టింది.

నిజానికి కెమెరా చావు ఇంట్లోకి మొదట్లో పిలిస్తేనే వెళ్లింది. 1839లో పారిస్‌లో డాగెర్ అనే ఆయన ఫొటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించారు, ఆ తర్వాత కొన్నేళ్లకే యూరప్‌లోనూ అమెరికాలోనూ చనిపోయినవాళ్లని తీయడం స్టూడియోలకి రోజువారీ పని అయిపోయింది. అందులో చంటిపిల్లలే ఎక్కువ. ఫొటో అంటే ఖర్చు, పిల్లలు బతికి బట్టకట్టడం అంటే అదృష్టం, అందుకని చాలా ఇళ్లలో బిడ్డకి తీయించిన మొదటి ఫొటో, ఆఖరి ఫొటో ఒకటే. వాటిని దగ్గరగా చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లి ముఖం కొన్నింటిలో కాస్త చెదిరి ఉంటుంది, బిడ్డ ముఖం మాత్రం కనురెప్పల వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉంటుంది. అప్పట్లో ఒక్క ఫొటోకి లెన్స్ మూత చాలాసేపు తెరిచి ఉంచాల్సి వచ్చేది, బతికున్నవాళ్లు ఎంత బిగబట్టినా కదులుతారు, ఊపిరి తీసుకుంటారు కదా. ఇప్పుడు వాటిని చూసి "అబ్బో, భయంకరం" అనేవాళ్లకి మేం చెప్పేది ఒకటే: అది ఆ తల్లి అడిగి, డబ్బిచ్చి, దగ్గర పెట్టుకున్న ఫొటో. అందులో భయపడాల్సింది ఏమీ లేదు.

ఈ పాత ఫొటోల చుట్టూ తిరిగే అబద్ధాల సంగతి వేరే. శవాన్ని ఇనుప స్టాండుకి కట్టి నిలబెట్టి తీసేవారని ఒక కథ తెగ ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది. ఆ స్టాండు బతికున్నవాళ్ల కోసం, తల కదలకుండా వెనకనుంచి ఆనుకోవడానికి పెట్టింది, శవం బరువు అది మోయలేదు. కాళ్ల మధ్యనుంచి స్టాండు కనిపించిందంటే ఆ మనిషి ఫొటో దిగినప్పుడు నిక్షేపంగా ఉన్నాడనే అర్థం. పాపం, నవ్వకుండా బిగుసుకుని నిలబడిన నేరానికి నూట యాభై ఏళ్ల తర్వాత ఎంతమందిని చంపేశామో! ఇక చావుని నటించిన ఫొటో కూడా ఇంచుమించు అంత పాతదే. ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన పేరంతా డాగెర్‌కే పోయిందని మండిపడ్డ బయార్ అనే ఫ్రెంచివాడు 1840లో తనని తానే నీళ్లలో పడి చచ్చినవాడిలా తీసుకున్నాడు.

అడగకుండా లోపలికి దూరడం తర్వాత మొదలైంది. 1898 జూలైలో జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఇంట్లోవాళ్లకి తెలియకుండా ఆయన పడకగదిలోకి జొరబడి, ఫ్లాష్ వెలిగించి ఫొటో తీశారు. దాన్ని అమ్ముకోబోతే కుటుంబం కోర్టుకి వెళ్లింది, ఇద్దరూ జైలు పాలయ్యారు. జర్మనీలో 1907లో వచ్చిన చట్టం వెనక ఈ గొడవ ఉంది. మనిషి పోయాక పదేళ్లదాకా ఆ మనిషి ఫొటో వేయాలంటే మామూలుగా దగ్గరి బంధువుల అనుమతి ఉండాలని ఆ చట్టం అంటుంది. పదేళ్లే ఎందుకో, పదకొండో ఏడాది దుఃఖం ఎక్కడికి పోతుందో మమ్మల్ని అడగకండి, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు.

యుద్ధాల దగ్గరికొస్తే ఆ మాత్రం గీత కూడా లేదు. 1862 సెప్టెంబరులో, అమెరికా అంతర్యుద్ధంలోని యాంటీటమ్ యుద్ధం అయిన రెండు రోజులకి అలెగ్జాండర్ గార్డ్‌నర్ తీసిన శవాల ఫొటోలని న్యూయార్క్‌లో ఒక గ్యాలరీలో చూపిస్తే జనం విరగబడి చూశారు. చరిత్రకి అవి అమూల్యం, కాదనం. యుద్ధమంటే జెండాలూ గుర్రాలూ అనుకున్నవాళ్లకి పొలంలో ఉబ్బిపోయి పడి ఉన్న కుర్రాళ్లని చూపించాయి. అదే గార్డ్‌నర్ మర్సటేడు గెటిస్‌బర్గ్‌లో ఒక సైనికుడి శవాన్ని పడి ఉన్న చోటునుంచి రాళ్ల చాటుకి మోయించి, పక్కన తుపాకీ నిలబెట్టి తీశాడని నూరేళ్ల తర్వాత పరిశోధకులు ఫొటోలు పోల్చి చూసి తేల్చారు. అంతకు ముందే, 1858లో లక్నో సికందర్ బాగ్‌లో ఫెలీచే బియాటో తీసిన, 1857 తిరుగుబాటులో పోయినవాళ్ల ఎముకల ఫొటో సంగతీ ఇంతే, వాటిని ఫొటో కోసమే అలా పరిపించారని చరిత్రకారులు అనుమానిస్తారు. శవం ఎదురు చెప్పదు, జరగమంటే జరుగుతుంది. అందుకే ఇలాంటి ఫొటో వేసేటప్పుడు తీసినవాడు ఏమేం సర్దాడన్నది కూడా క్యాప్షన్‌లో రాయాలి. లేకపోతే అది చరిత్ర కాదు, నాటకం.

మరి శవాల ఫొటోలు అసలు వేయొద్దా అంటే, వేయొద్దనేవాళ్లతో మేం కలవం. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ని తెల్లవాళ్లు చిత్రహింసలు పెట్టి చంపి నదిలో పడేశారు. తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తెరిచే ఉంచమంది. కొడుకు ముఖం ముఖంలా లేదు, అయినా లోకం చూడాలంది. జెట్ పత్రిక ఆ ఫొటోలు వేసింది, అమెరికా పౌరహక్కుల ఉద్యమాన్ని కదిలించినవాటిలో అవీ ఉన్నాయి. ఇప్పుడు దీని పక్కన ఇంకోటి పెట్టి చూడండి. అదే దేశంలో అంతకుముందు దశాబ్దాల్లో, నల్లవాళ్లని చెట్లకి ఉరితీసి, కింద నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగి, వాటిని పోస్టుకార్డులుగా అచ్చేసి బంధువులకి పంపుకునేవాళ్లు. రెండు చోట్లా ఉన్నది ఒక నల్లజాతి మనిషి శవమే. ఒకటి తల్లి చూపించింది, ఇంకోటి చంపినవాళ్లు చూపించుకున్నారు. ఆ పోస్టుకార్డులని ఇవాళ సాక్ష్యంగా చూపించొచ్చు, చూపించాలి కూడా, కాకపోతే చూపు శవం మీద కాకుండా కింద నవ్వుతున్న ముఖాల మీద పడేలా.

సిరియాలో సైనిక పోలీసుల ఫొటోగ్రాఫర్ ఒకతను, "సీజర్" అన్నది మారుపేరు, 2013లో సుమారు 53 వేల ఫొటోలతో దేశం దాటేశాడు. అందులో సగానికి పైగా జైళ్లలో చనిపోయినవాళ్లకి నంబర్లు వేసి తీసిన ఆఫీసు రికార్డు. వేలమంది తమవాళ్ల కోసం ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తిరగేసుకున్నారు. ఒక్కసారి ఆ పని ఊహించుకోండి: కనపడకూడదని కోరుకుంటూ వెతకడం, కనపడకపోతే ఇంకో పేజీకి వెళ్లడం. జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు 2022లో సిరియా గూఢచారి అధికారి ఒకరికి యావజ్జీవం వేసిన కేసులో ఈ ఫొటోలూ సాక్ష్యమే.

కాంబోడియాలో 1970ల్లో ఖ్మేర్ రూజ్ ప్రభుత్వం నడిపిన తువోల్ స్లెంగ్ జైల్లో, తర్వాత చంపేసిన ఖైదీలకి లోపలికి తెచ్చినప్పుడు తీసిన ఫొటోలు వేలల్లో మిగిలాయి. 2021లో వాటిలో కొన్నింటికి ఒకాయన కంప్యూటర్‌తో రంగులద్దాడు, ఊరుకోక కొందరి ముఖాలకి నవ్వు అతికించాడు. వాటిని వేసిన పత్రిక తిట్లు తిని తీసేసింది. రంగులేస్తే మనుషులు దగ్గరవుతారన్నది అతని ఆలోచన కాబోలు. వాళ్ల పిల్లలు, తోబుట్టువులు ఇంకా బతికే ఉన్నారన్న ఆలోచన మాత్రం రాలేదు.

మా లెక్క తప్పేచోటు కూడా చెప్పాలి. భోపాల్, 1984 డిసెంబరు. మట్టి కప్పుతుండగా ఇంకా ముఖం బయటే ఉన్న పసిబిడ్డ, తెరిచే ఉన్న కళ్లు. రఘు రాయ్ నలుపు తెలుపులో, పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో తీశారు. ఆ బిడ్డ ఎవరో ఇవాళ్టికీ తెలియదు. అడగడానికి ఎవరూ లేరు. అలాంటప్పుడు వేయకూడదనాలి మరి, మా మాట ప్రకారం. అయినా ఆ ఫొటో లేకపోతే భోపాల్ అంటే కాగితాల్లో ఒక అంకెగా మిగిలిపోయేది అనే అనుకుంటున్నాం, మేమైనా వేసేవాళ్లమే. దీన్ని వాదించి నెగ్గించుకోలేం.

ఇంకో ఒప్పుకోలు. దూరదేశంలో బాంబు పడితే ముఖాలతో సహా ఫొటో వేయడానికి మా చెయ్యి వణకదు, ఎందుకంటే గళ్ల చొక్కా గురించి అక్కడినుంచి ఎవరూ ఫోన్ చేయరు. ఇకనుంచి దగ్గరవాళ్లకి ఒక రూలు, దూరంవాళ్లకి ఒక రూలు ఉండదు. ఇంట్లోవాళ్లకి కబురు చేరిందని రూఢి చేసుకోకుండా ఫొటో వేయం. వాళ్లు వద్దంటే వేయం. ఎవరైనా అధికారులు దాచాలని చూస్తున్న చావు అయితే, అప్పుడు కూడా ముందు ఇంట్లోవాళ్లతోనే మాట్లాడతాం, వాళ్లు వేయమంటే మాత్రం వెనక్కి తగ్గం.

గళ్ల చొక్కా ఫొటోని వెబ్‌సైట్‌లోంచి తీసేశాం, అచ్చయిన పేపర్‌ని ఏమీ చేయలేకపోయాం. రెండు నెలల తర్వాత అదే గొంతు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఏదో గొడవే అనుకుని ఎడిటర్‌కి లైన్ ఇచ్చారు. "మీ దగ్గర ముఖం చెరపని ఫొటో ఉంటుంది కదండీ, అది నాకు కావాలి" అన్నారు. ఫార్వర్డ్ చేస్తామంటే వద్దన్నారు. ప్రింట్ తీయించి, కవర్లో పెట్టి, మనిషికిచ్చి పంపాం.