మొక్కల మీద జాలిపడే ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి!

ఐదు రోజులు ఊరెళ్ళి ఇప్పుడే ఇంటికొచ్చాను. బ్యాగు కూడా దించకుండా మొక్కల దగ్గరికి పరిగెత్తితే నా బిళ్ళగన్నేరు చచ్చిపోయి ఉంది. మూడేళ్ళ మొక్క. ఎండిపోయి కాదు, నీళ్ళెక్కువై చచ్చింది! మొదలు పట్టుకోగానే నల్లగా మెత్తగా చేతిలోకి వచ్చేసింది, కుండీ కింద పళ్ళెం నిండా నీళ్ళు, కుళ్ళు వాసన.

"మధ్యాహ్నం ఆకులు వాలిపోతుంటే చూడలేకపోయానే, పూటకి రెండు మగ్గులు పోశాను" అంది పిన్ని. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అది ఆకులు వాలుస్తుంది, చల్లబడగానే మళ్ళీ నిక్కుతుంది, వెళ్ళేముందు ఈ మాట రెండుసార్లు చెప్పాను. సాయంత్రానికి కూడా లేవకపోతే అప్పుడు మట్టిలో వేలు గుచ్చి, లోపల పొడిగా ఉంటేనే పోయాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్ళకి గాలాడదు, కుళ్ళిపోతాయి, కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి ఆకులు ఇంకా వాలతాయి. అవి వాలాయని మళ్ళీ నీళ్ళు! పాపం ఆ మొక్క వద్దు వద్దంటుంటే ఐదు రోజులూ పోస్తూనే ఉన్నారు.

అది కూడా ఓర్చుకునేదాన్ని. "బిళ్ళగన్నేరే కదే, గోడ పగుల్లో కూడా మొలుస్తుంది, దీనికింత గొడవేంటి" అంది చూడండి, అక్కడ మండింది నాకు. అడగకుండా ఏడాది పొడుగునా పూస్తే విలువ ఉండదా? పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడే వింక్రిస్టిన్ ఈ మొక్క నుంచి వచ్చిందే. 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌ని బయటపెట్టిందీ ఈ ఆకుల్లోంచే. (అలాగని షుగర్ తగ్గుతుందని ఆకులు నమిలేవాళ్ళకి దండం పెట్టి చెప్తున్నా, మానేయండి, అది విషం.)

అసలు ఇది ఇవాళ్టి కోపం కాదు. అంతకుముందు గోడవారన తనంతట తను మొలిచి పూస్తున్న తెల్లపూల బిళ్ళగన్నేరుని పిచ్చిమొక్క అని పీకేసి, ఆ చోట హైబ్రిడ్ గులాబీ పెట్టింది కూడా పిన్నే. ఆ గులాబీకి ఎరువులు, మందులు, రోజూ నీళ్ళు, అన్నీ చేసినా ఒక్క ఎండాకాలం దాటలేదు. పీకిన మొక్క గురించి మాత్రం ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అనలేదు.

వాడిన కొమ్మల్లో వెతికితే నాలుగు జంటకాయలు పండి కనిపించాయి. విప్పితే నల్లటి సన్న గింజలు. మట్టిలో ఇసుక బాగా కలిపి, వెలుతురు తగిలితే సరిగ్గా మొలవవని పైన పలచగా మట్టి కప్పి, ఒక్కసారి తడిపి పెట్టాను. చేతులు కడుక్కుంటుంటే పిన్ని వచ్చి కుండీలోకి తొంగిచూసి "ఇంకొంచెం నీళ్ళు చల్లనా?" అంది.

నేనింకా జవాబివ్వలేదు.