బూగీ వూగీ 1938లో పుట్టలేదు
బూగీ వూగీ అనే బ్లూస్ పియానో శైలి 1938లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో జరిగిన కచేరీతోనే మొదలైందన్నట్టు మీ ఆర్టికల్‌లో రాశారు, దానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ కచేరీతో పేరొచ్చింది అంతే, పుట్టింది చాలా ముందు, టెక్సాస్ వైపు కలప కొట్టే క్యాంపుల్లో, రైల్వే లైన్ల పక్కన సారా కొట్లలో, నల్లజాతి పియానిస్టుల చేతుల్లో. పియానిస్టు పైన్‌టాప్ స్మిత్ తన బూగీ వూగీ పాట రికార్డు చేసింది 1928లోనే కదా, పాపం మరుసటి ఏడాదే తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. ఆ రోజు కార్నెగీ హాల్లో వాయించిన ఆల్బర్ట్ అమ్మన్స్, మీడ్ లక్స్ లూయిస్ ఇద్దరూ అంతకుముందు షికాగోలో టాక్సీలు నడిపినవాళ్లు, ఆ ముక్క కూడా రాయకపోతే ఎలా అండీ. ఇంకోటి, ఎడమ చేతి గురించి ఒక్క లైనుతో సరిపెట్టేశారు, అసలు సంగతంతా అక్కడే ఉంది. నేను కీబోర్డు మీద నేర్చుకుంటున్నా, బార్‌కి ఎనిమిది దెబ్బలు ఎడమ చెయ్యి ఆగకుండా కొడుతూనే ఉండాలి, కుడి చెయ్యేమో దానికి ఎదురెళ్తూ తన ఇష్టమొచ్చినట్టు తిరగాలి. మూడు నెలలు ఎడమ చెయ్యి ఒక్కటే సాధన చేశా, ముంజేయి పట్టేసేది, కుడి చెయ్యి కలపగానే లయ తప్పిపోయేది. మణికట్టు వదులుగా పెట్టడం అలవాటయ్యాక గానీ ఎడమ చేతి లయలో ఉండే ఆ రైలు పరుగులాంటి చప్పుడు నా వేళ్లలో వినపడలేదు.