మహారాజశ్రీ కాంట్రాక్టు గారికి

మహిళా రగ్బీ ఆడేవాళ్లకి జీతమిచ్చే కాంట్రాక్టు గారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు ఎప్పటిదాకా ఉంటారో తెలియజేయగలరు. క్షేమం కంటే ముందు ఇది అడగడానికి కారణం, మావైపు మీ చుట్టాలు చాలామందే ఉన్నారు. మార్చి నెలాఖరు వచ్చిందంటే వాళ్లని నమ్ముకున్నవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది, రెన్యూవల్ ఆర్డరు చేతికొచ్చేదాకా నిద్ర పట్టదు.

విషయానికొస్తా. 2025 అక్టోబరులో ఇంగ్లండ్ ప్లేయర్ ఎమిలీ స్కారట్ రిటైరైంది. 119 మ్యాచ్‌లు, 754 పాయింట్లు, ఐదు వరల్డ్ కప్పులు, అందులో రెండు గెలుపులు. అందరూ ఆమెని పొగుడుతుంటే మీరు కూడా అదంతా మీ చలవే అన్నట్టు మీసం తిప్పుకుంటూ ఉంటారని నా అనుమానం.

2008లో ఆమె మొదటి మ్యాచ్ ఆడినప్పుడు తమరు ఎక్కడున్నారండీ? పదహారేళ్లకే అమెరికాలో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ వస్తే వద్దనుకుని రగ్బీ పట్టుకున్న పిల్ల ఆమె. (మన ఇళ్లలో ఈ మాట చెప్పి చూడండి, నాన్న సంగతి దేవుడెరుగు, ఎదురింటి ఆంటీ కూడా వచ్చి తిట్టిపోతుంది.) 2010 వరల్డ్ కప్ ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 13-10తో ఓడినప్పుడూ మీరు కనబడలేదు.

2014, పారిస్, ఫైనల్లో కెనడా. ఇంగ్లండ్ 14-9తో ముందుంది, ఇంకొద్ది నిమిషాలే ఉన్నాయి, ఒక్క ట్రై (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి ఆనించడం) పడితే లెక్క తారుమారు. అప్పుడు బంతి స్కారట్ చేతికొచ్చింది. ఒకరు మీదికొస్తే పక్కకి తప్పుకుంది, ఇంకొకరు అందుకునేలోపు దాటేసింది, గీత అవతల బంతి నేలకి ఆనించింది, ఆ వెంటనే కన్వర్షన్ (ట్రై తర్వాత దక్కే అదనపు కిక్) కూడా తనే కొట్టింది. 21-9. ఆ 21లో 16 ఆమెవే. ఆ జట్టు కెప్టెన్ కేటీ మెక్లీన్ ప్రైమరీ స్కూల్ టీచరు, రెండు జట్లూ ఎదురెదురుగా తోసుకునే స్క్రమ్‌లో ముందు వరసలో తలపెట్టి తోసిన సోఫీ హెమింగ్ పశువుల డాక్టరు.

కప్పు ఇంటికొచ్చాక, పెళ్లంతా అయిపోయాక వచ్చి ఫొటోలో మధ్యన నిలబడే మేనమామలా మీరు దిగారు. అదీ ఈ కప్పు గెలిచిన పదిహేనుమంది ఆటకి కాదు, రియో ఒలింపిక్స్ మీద కన్నేసి ఏడుగురి ఆటకి!

సరే, ఆ తర్వాత పదిహేనుమంది ఆటకీ వచ్చారు. వచ్చినవాళ్లు ఉన్నారా? 2017 వరల్డ్ కప్ మొదలవకముందే, ఇది అయ్యాక ఆ కాంట్రాక్టులు పొడిగించం, మళ్లీ సెవెన్స్, అంటే ఆ ఏడుగురి ఆట మీదే దృష్టి అని అక్కడి రగ్బీ సంఘం తేల్చేసింది. దేశం కోసం ఆడబోయేవాళ్లకి ఎంత చక్కటి శుభాకాంక్షలు! ఫైనల్లో ఇంగ్లండ్‌ని 41-32తో ఓడించిన న్యూజిలాండ్ అమ్మాయిలకైతే పదిహేనుమంది ఆటలో అప్పటికి మీతో పరిచయమే లేదు. వాళ్ల ప్రాప్ టోకా నాటువా, అంటే స్క్రమ్‌లో బరువంతా మోసే మనిషి, ఆరోజు మూడు ట్రైలు కొట్టింది. మీరు లేకపోయినా కప్పులు గెలవొచ్చని పై అధికారులు దీన్నే ఉదాహరణగా చూపిస్తారేమోనని అప్పట్లో నాకు భయమేసింది.

నిజం నిజమే చెప్పుకోవాలి. 2019లో 28 మందికి ఫుల్‌టైమ్‌గా వచ్చి, ఈసారి కుదురుగా ఉన్నారు. ఆ ఏడాదే స్కారట్ ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి. జట్టు వరసగా 30 మ్యాచ్‌లు గెలిచింది, 2022 ఫైనల్లో ఆక్లాండ్‌లో 34-31తో ఓడేదాకా. తర్వాత ఆమె మెడకి ఆపరేషన్ అయింది, 2023 ఆట చాలావరకు పోయింది. పాత రోజుల్లోనైతే ఇంటద్దె ఎలా కట్టాలా అన్న దిగులు కూడా ఆ మెడ మీదే ఉండేది. అక్కడ మీకో దండం.

2025లో ఆమె సండర్లాండ్‌లో బెంచీ మీంచి దిగి ఐదో వరల్డ్ కప్ ఆడింది. ట్వికెన్‌హామ్‌లో ఫైనల్‌కి 81,885 మంది వచ్చారు. ఎదురుగా మళ్లీ కెనడా. వాళ్ల సంఘం దగ్గర డబ్బుల్లేక, పది లక్షల కెనడా డాలర్ల లక్ష్యం పెట్టుకుని, మనం వినాయకచవితికి తిరిగినట్టు చందాలు పోగుచేసుకుని వచ్చిన జట్టది. అలా వచ్చి సెమీస్‌లో న్యూజిలాండ్‌ని ఇంటికి పంపింది. ఫైనల్లో మాత్రం కప్పు ఇంగ్లండ్‌కే దక్కింది.

ఇంగ్లండ్‌లో మీ పని ఓ కొలిక్కి వచ్చినట్టే ఉంది. తీరిక ఉంటే కెనడా అడ్రసు పంపిస్తాను. ఈసారి కప్పు రాకముందే వెళ్లండి.

ఇట్లు
టీవీ ముందు కూర్చుని ట్రైలు కొట్టే ఓ అభిమాని